సున్తీకి తేదీ పెట్టుకునే ముందు

అమ్మడూ, అల్లుడు గారూ,

బాబు పుట్టి వారమైనా కాకముందే ఇంట్లో సున్తీ మాట మొదలైందని, ఛిల్లా (నలభయ్యో రోజు) నాటికి అది కూడా అయిపోతే దావత్ ఒక్కసారే పెట్టుకోవచ్చని మీ అత్తగారు అంటున్నారని రాశావు. ఆవిడ కోరికలో తప్పు లేదు. మిర్యాలగూడ నుంచి అంతమంది చుట్టాలు రెండుసార్లు హైదరాబాద్ రావడం కష్టమే. అయినా ముందు ఫంక్షన్ హాలు మాట్లాడుకుని, తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్లే పని మాత్రం చేయకండి. డాక్టరు బాబును బట్టలు విప్పి పూర్తిగా చూడాలి, చూసి సరే అనాలి. తేదీ ఆ తర్వాతే. పిల్లల శస్త్రచికిత్స వార్డులో నర్సుగా పనిచేసినన్నాళ్లూ సున్తీ తర్వాత ఇబ్బంది పడి వచ్చిన పిల్లలను ఎందరినో చూశాను. వాళ్లలో చాలామందికి అంతకు ముందు వారంలో ఎవరో ఒకరు అడగవలసిన ప్రశ్న అడగలేదు.

ఏడో రోజు బిడ్డ పేరిట జంతువును బలి ఇచ్చే అఖీఖా చేసి, తల వెంట్రుకలు తీయించి, వాటి తూకానికి వెండి దానం ఇస్తాం. సున్తీ కూడా ఆ రోజే అయిపోవాలన్న నిర్బంధం లేదు. ఏడో రోజున చేయించేవాళ్లున్నారు, ఏడేళ్లకు చేయించేవాళ్లూ ఉన్నారు. యుక్తవయసు రాకముందు అయితే చాలని ఆలిములు, అంటే మత పండితులు, చెబుతారు. కాబట్టి కామెర్లు ఇంకా తగ్గలేదనో, బరువు పెరగలేదనో డాక్టరు ఆగమంటే ఆగండి. మతం విషయంలో ఏదో లోటు చేశామని మనసు కష్టపెట్టుకోవద్దు. అలాగని బాబు ఆరోగ్యంగా ఉంటే ఊరికే వాయిదా వేయమనీ అనను. మొదటి వారాల్లో అయితే ఆ చోట మాత్రమే మత్తు ఇచ్చి పని పూర్తి చేయవచ్చు. కొన్ని నెలలు గడిచాక బిడ్డ బలంగా కదులుతాడు, అప్పుడు చాలావరకు పూర్తి మత్తు అవసరమవుతుంది. దానికి మత్తు డాక్టరు, ఆపరేషన్ థియేటర్ ఉన్న ఆసుపత్రి కావాలి, ముందు కొన్ని గంటలు పాలు కూడా ఆపాలి.

ఇక అడగవలసిన వాటిలో మొదటిది రక్తం సంగతి. గాయమైతే రక్తం తొందరగా గడ్డకట్టని హీమోఫీలియా అనే జబ్బు తల్లి వైపు నుంచి మగపిల్లలకు వస్తుంది. తల్లికి ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు. అందుకే ఈ ప్రశ్న నీ పుట్టింటిది. మీ అన్నదమ్ములు, మీ మామయ్యలు, నా కొడుకులు, వీళ్లలో ఎవరికీ పళ్లు పీకించుకున్నప్పుడు గాని, దెబ్బ తగిలినప్పుడు గాని రక్తం ఆగకపోవడం జరగలేదు. ఇది నాకు తెలుసు, డాక్టరుకు అలాగే చెప్పు. మీ అమ్మమ్మ అన్నదమ్ముల సంగతి మీ అమ్మను అడుగు. రక్తం ఆగని జబ్బుల్లో తండ్రి వైపు నుంచి వచ్చేవి కూడా ఉన్నాయి కనుక అల్లుడు గారు కూడా వాళ్లింట్లో వాకబు చేయాలి. వంశంలో ఎవరికీ లేకుండా మొదటిసారిగా ఈ బిడ్డకే రావడం కూడా జరుగుతుంది. హీమోఫీలియా ఉన్న పిల్లల్లో దాదాపు మూడో వంతు మంది అలాంటివాళ్లే. పుట్టినప్పుడు మడమలో సూది గుచ్చి రక్తం తీసిన చోట, టీకా వేసిన చోట చాలాసేపు రక్తం కారిందా, పెద్దగా కమిలిందా, బొడ్డు ఊడాక రక్తం వస్తూనే ఉందా అని గుర్తు చేసుకోండి. ఏ ఒక్కటి అవునన్నా రక్తపరీక్ష చేయించాకే ముందుకు వెళ్లాలి.

దీనికే సంబంధించిన ఇంకో చిన్న పని ఉంది. కాన్పు చేసిన ఆసుపత్రి ఇచ్చిన డిశ్చార్జి కాగితం తీసి, విటమిన్ కె ఇంజక్షన్ ఇచ్చినట్టు రాసి ఉందేమో చూడండి. అప్పుడే పుట్టిన బిడ్డల్లో ఆ విటమిన్ చాలా తక్కువగా ఉంటుంది, అది లేకపోతే రక్తం సరిగా గడ్డకట్టదు. పుట్టగానే తొడకు వేసే ఆ ఒక్క సూది పెద్ద ప్రమాదాన్ని తప్పిస్తుంది. కాగితంలో కనిపించకపోతే ‘ఇచ్చే ఉంటారులే’ అనుకోవద్దు. ఆ మాట డాక్టరుతో చెప్పి, ఆయన చెప్పినట్టు చేయండి.

రెండోది మూత్రం వచ్చే దారి. మన ఇళ్లలో కొందరు మగపిల్లలను పుట్టగానే చూసి పెద్దవాళ్లు ‘దేవుడే సున్తీ చేసి పంపాడు’ అని సంబరపడతారు. ముందు చర్మం పైన టోపీలా ఉండి, కింది వైపు లేకపోవడం వల్ల అలా కనిపిస్తుంది. అలాంటి పిల్లల్లో చాలామందికి మూత్ర రంధ్రం కొనన ఉండదు, కిందికి ఉంటుంది. డాక్టర్లు దాన్ని హైపోస్పాడియాస్ అంటారు. ఏడాది అటూ ఇటూ వయసులో ఆపరేషన్ చేసి సరిచేస్తారు, అయితే అందుకు ఆ ముందు చర్మమే కావాలి. తెలియక సున్తీ చేసేస్తే తర్వాత సరిచేయడం ఎంతో కష్టమవుతుంది. అంగం వంకరగా ఉన్నా, చుట్టూ ఉన్న కొవ్వులో కూరుకుపోయినట్టు ఉన్నా అప్పుడే చేయకూడదు. బాబు మూత్రం పోసేటప్పుడు ఒకసారి గమనించు. ధార కొన నుంచి, నేరుగా వస్తోందా? నీకు సందేహం ఉన్నా లేకున్నా డాక్టరును ఈ ప్రశ్న నోరు తెరిచి అడుగు.

మీ పక్కింటి అమ్మాయి తన బాబుకు చర్మం వెనక్కి రావడం లేదని, వాడికి కూడా సున్తీ చేయించాలేమోనని భయపడుతోందన్నావు కదా. పసిపిల్లల్లో దాదాపు అందరికీ అది అతుక్కునే ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ దానంతట అదే వదులవుతుంది. స్నానం చేయించేటప్పుడు బలవంతంగా వెనక్కి లాగవద్దని మాత్రం ఆమెకు గట్టిగా చెప్పు. లాగితే చర్మం చిట్లి, మానేటప్పుడు బిగుసుకుపోతుంది. మూత్రం పోసేటప్పుడు చర్మం బుడగలా ఉబ్బి బిడ్డ ఏడుస్తున్నా, మాటిమాటికీ మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తున్నా డాక్టరుకు చూపించాలి.

ఎవరితో చేయించాలి అన్నదానికి నా జవాబు ఒక్కటే, పిల్లల సర్జన్‌తో. పూర్వం ఇళ్లకు జర్రాలు, అంటే సున్తీ చేసే సంప్రదాయ పనివాళ్లు, వచ్చి చేసేవారు. వాళ్ల చేతిలో ఎందరో పిల్లలు బాగానే ఉన్నారు, ఆ తరాన్ని నేను తక్కువ చేయను. కానీ రక్తం ఆగకపోతే వాళ్ల దగ్గర ఉపాయం ఉండదు. ఈ రోజుల్లో గోడల మీద, ఆటోల వెనక ‘లేజర్ సున్తీ, పది నిమిషాలు, కుట్లు లేవు, నొప్పి లేదు’ అని ప్రకటనలు కనిపిస్తున్నాయి. లేజర్ అని రాసిన చోట చాలాసార్లు వాడేది కరెంటుతో చర్మాన్ని కాల్చే పరికరం. చర్మాన్ని పట్టి ఉంచే లోహపు క్లాంపు బిగించి ఉన్నప్పుడు దాన్ని తాకిస్తే కరెంటు క్లాంపులోంచి పాకి అంగం మొత్తం కాలిపోవచ్చు. అలా కాలిన బిడ్డను చూసినవాళ్లు ఆ మాట మరిచిపోలేరు. కాబట్టి సిగ్గుపడకుండా అడగండి: స్వయంగా ఎవరు చేస్తారు? ఏ పద్ధతి? ఏం మత్తు ఇస్తారు? రాత్రి రక్తం వస్తే ఎవరికి ఫోన్ చేయాలి? డాక్టరు తన రిజిస్ట్రేషన్ నంబరు క్లినిక్‌లో కనిపించేలా పెట్టాలని, మందుల చీటీ మీద, రసీదు మీద రాయాలని 2002 నాటి నిబంధనలు చెబుతున్నాయి. అది కనిపించని చోట బిడ్డను బల్ల మీద పెట్టవద్దు. ప్రైవేటు ఖర్చు బరువనిపిస్తే రెడ్ హిల్స్‌లో నిలోఫర్ ఆసుపత్రి ఉంది. రద్దీ ఉంటుంది, పొద్దున్నే వెళ్లాలి.

మత్తు గురించి విడిగా రాస్తున్నాను, ఎందుకంటే ఇంట్లో మీ మాటకు అడ్డు తగిలేది ఇక్కడే. ‘పసికందుకు నొప్పి ఏం తెలుస్తుంది, ఒక్క క్షణం ఏడ్చి ఊరుకుంటాడు’ అంటారు. 1980ల దాకా డాక్టర్లలో కూడా చాలామంది అలాగే అనుకున్నారు. అది తప్పని తేలిపోయింది. మత్తు లేకుండా సున్తీ చేసిన పిల్లలు నాలుగు నుంచి ఆరు నెలల వయసులో టీకా సూదికి మిగతా పిల్లల కంటే ఎక్కువగా ఏడ్చారని కెనడాలో చేసిన పరిశోధన 1997లో అచ్చయింది. బిడ్డకు నొప్పి తెలుస్తుంది, అమ్మడూ. అది చెప్పుకోవడానికి వాడికి నోరు లేదు, మీరే వాడి నోరు. అంగం మొదట్లో సన్నటి సూదితో ఇచ్చే మత్తు బాగా పనిచేస్తుంది. పైన రాసే క్రీము కూడా ఉంది, దానికి దాదాపు గంట ముందు నుంచీ సమయం కావాలి, పైగా పసిపిల్లలకు కొలత దాటి రాయకూడదు. ఆ క్రీము కొనుక్కొచ్చి ఇంట్లో మీరే పూయవద్దు. పని జరుగుతున్నంతసేపూ నోట్లో రెండు చుక్కల చక్కెర నీళ్లు వేస్తే బిడ్డ కొంత ఊరట పడతాడు. అది కూడా క్లినిక్‌లో వాళ్లే ఇస్తారు. తేనె మాత్రం ఎవరు తెచ్చినా నాకించవద్దు, ఏడాది నిండేదాకా వద్దు. తేనెలో ఉండగల సూక్ష్మక్రిములు పసిపిల్లల పేగుల్లో పెరిగి విషాన్ని తయారుచేస్తాయి.

ఆ రోజు మీరిద్దరూ, కావాలంటే మీ అమ్మ, అంతే వెళ్లండి. పొద్దుటి సమయం తీసుకోండి. రోజంతా బాబుకు డాక్టరు అందుబాటులో ఉన్నట్టవుతుంది, బోరబండ నుంచి మెహదీపట్నం దాకా ఎండలో వాహనాల మధ్య ఇరుక్కోవలసిన పని కూడా ఉండదు. పాలు ఎప్పుడు ఆపాలో ముందే అడిగి రాసుకోండి, అది వాడే మత్తును బట్టి మారుతుంది. డిశ్చార్జి కాగితం, టీకాల కార్డు, వదులైన మెత్తటి నూలు బట్టలు నాలుగైదు జతలు పట్టుకెళ్లండి. కదలకుండా బిడ్డ కాళ్లను మెత్తటి పట్టీలతో కట్టి ఉంచుతారు, చూస్తే నీ గుండె అదురుతుంది. చూడలేననిపిస్తే బయట కూర్చో, అల్లుడు గారు బిస్మిల్లా అని బాబు తల దగ్గర నిలబడతారు. బచ్చా బయటికి రాగానే రొమ్ము అందించు. వాడిని నిమ్మళింపజేయడంలో దాన్ని మించింది నాకు తెలిసి లేదు.

ఇంటికి వచ్చాక ఏం చేయాలన్నది పద్ధతిని బట్టి ఉంటుంది. ప్లాస్టిక్ రింగు పెడితే అది వారం రోజుల్లో కాస్త అటూ ఇటూగా తనంతట తాను రాలిపోతుంది. లాగవద్దు. పది పన్నెండు రోజులైనా రాలకపోతే చూపించాలి. రింగు కిందికి జారి అంగాన్ని బిగించినట్టు కనిపిస్తే మాత్రం ఆ క్షణమే బయలుదేరాలి. క్లాంపుతో చేస్తే డైపరు మార్చినప్పుడల్లా వాజ్‌లైన్ దట్టంగా రాయమంటారు, గుడ్డకు అతుక్కోకుండా. రెండు మూడు రోజులకు కొన మీద పసుపు పచ్చని పొర వస్తుంది. ఇది చూసి చీము అని కంగారు పడి తుడిచి రక్తం తెప్పించిన తల్లులు ఎందరో. అది మానుతున్న గుర్తు, వదిలేయి.

పసుపు, బూడిద, కాచిన నూనె, పౌడరు, డెటాల్ వీటిలో ఏదీ ఆ చోట తగలకూడదు. సాంబ్రాణి పొగ కూడా వద్దు. మీ అత్తగారితో వాదించకు, ‘డాక్టరు వద్దన్నారు, మా పెద్దమ్మ కూడా వద్దంది’ అని నా మీద వేసెయ్. నాకేం బాధ లేదు. డాక్టరు చెప్పేదాకా తడి గుడ్డతో ఒళ్లు తుడిస్తే చాలు.

నొప్పికి పారాసిటమాల్ రాస్తే చీటీ తీసుకుని సీసాను దగ్గర పెట్టుకుని చూడండి. చుక్కల మందులో ఒక మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు ఉంటుంది, మామూలు సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 120 లేదా 125 మిల్లీగ్రాములే. అంటే సిరప్ కొలతను చుక్కల మందుతో పోస్తే నాలుగింతలు అవుతుంది. డ్రాపర్ మీద ఎంత గీత దాకా పోయాలో డాక్టరు చేతే గుర్తు పెట్టించుకోండి.

గుడ్డ మీద రూపాయి బిళ్లంత కంటే చిన్న మరక పడితే ఫరవాలేదు. అంతకు మించి వస్తుంటే శుభ్రమైన గుడ్డతో రెండు వేళ్ల మధ్య అయిదు నుంచి పది నిమిషాలు వదలకుండా నొక్కి పట్టుకోండి. మధ్యమధ్యలో తీసి చూస్తుంటే ఆగదు. అప్పటికీ ఆగకపోతే గుడ్డ అలాగే పట్టుకుని వెళ్లాలి. ఆరు నుంచి ఎనిమిది గంటల్లో మూత్రం పోయకపోయినా, కొన నల్లగానో నీలంగానో మారినా, ఎరుపు పొట్ట వైపు పాకినా, దుర్వాసన వచ్చినా, పాలు తాగకుండా మగతగా పడుకున్నా ఉదయం దాకా చూద్దామనుకోవద్దు. ఒళ్లు 100.4 డిగ్రీలు దాటితే మూడు నెలల లోపు బిడ్డకు అది ఎప్పుడైనా అత్యవసరమే. వాహనం దొరకకపోతే 108కి ఫోన్ చేయండి.

దావత్ సంగతి ఇప్పుడు చెబుతాను. చుట్టాలు రానివ్వండి, కానీ గాయం మానాక, కనీసం రెండు వారాల తర్వాత. వచ్చిన ప్రతివాళ్లూ బాబును ఎత్తుకుని, ముద్దాడి, గుడ్డ విప్పి ‘బాగా అయిందా’ అని చూడడం నాకు బొత్తిగా ఇష్టం లేదు. అల్లుడు గారూ, ఈ కాపలా మీది. తల్లి నోటితో అది చెప్పించవద్దు, ఆమె అసలే నిద్ర లేక ఉంటుంది.

పది రోజులకో పదిహేను రోజులకో డాక్టరు మళ్లీ రమ్మంటారు. బాగానే మానింది కదా అని మానుకోవద్దు. కోసిన అంచు మళ్లీ కొనకు అతుక్కుంటోందేమో ఆయనే చూడగలరు, తొందరగా గుర్తిస్తే సులువుగా విడదీస్తారు. కొన్ని నెలల తర్వాత మూత్రధార సన్నగా, పైకి చిమ్ముతున్నట్టు వస్తే అది కూడా చూపించాలి. డిశ్చార్జి కాగితం ఫొటో తీసి నాకు పంపు, విటమిన్ కె సంగతి నేను కూడా చూస్తాను.

ప్రేమతో,
మీ పెద్దమ్మ