కుట్లు దగ్గరైతే మంచి షర్టేనా?

ప్రశ్న: గాంధీ రోడ్డులో మా అబ్బాయికి కొన్న యూనిఫాం షర్టు నెలకే చంక కింద విచ్చుకుంది. కుట్లు దూరదూరంగా ఉన్నాయి. దగ్గరగా ఉన్నవే చూసి కొనాలా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: చాలావరకు అంతేనమ్మా. స్కేలు పెట్టి అంగుళంలో కుట్లు లెక్కపెట్టండి. మామూలు షర్టుకు 10 నుంచి 14 ఉండాలి. ఏడెనిమిదే ఉంటే దారం, టైమ్ మిగుల్చుకున్నారన్నమాట. కుట్టు పొడుగు పెంచితే మిషన్ కింద గుడ్డ తొందరగా ముందుకు జరిగిపోతుంది, పూటకి నాలుగు పీసులు ఎక్కువ దిగుతాయి. అలాంటి షర్టును కుట్టుకు అటూ ఇటూ పట్టి లాగండి. మధ్యలో దారాలు నిచ్చెన మెట్లలా కనబడతాయి.

అలాగని మరీ దగ్గరగా ఉన్నా ముప్పే. ప్రతి కుట్టూ సూది పొడిచిన బెజ్జమే కదా! పల్చటి పట్టు జాకెట్టుకు అంగుళానికి 20 వేయమని అడిగేవాళ్లున్నారు, నేనైతే వేయను. కుట్టు నిలుస్తుంది, పక్కన గుడ్డ చిరుగుతుంది. ముడతలు అదనం. జీన్స్‌కు దారం లావు కాబట్టి 8 ఉన్నా చాలు.

మీ షర్టు పారేయకండి. లోపల గుడ్డ మిగిలుంటే పాత కుట్టుకు నూలుపోగంత లోపలగా, మిషన్ రెగ్యులేటర్ (కుట్టు పొడుగు మార్చేది) 2 మీద పెట్టి, మళ్లీ కుట్టించండి. రెండు కొసల్లోనూ రివర్స్ కుట్టు (మిషన్‌ను వెనక్కి నడిపి వేసేది) వేయమనండి, అది చాలామంది ఎగ్గొడతారు.