బ్లాక్ డెత్ ప్రశ్నకు జవాబు రాసే ముందు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

"బ్లాక్ డెత్ కారణాలు, ఫలితాలు రాయండి" అన్న ప్రశ్నకు గైడులోని పది పాయింట్లు బట్టీ పడితే చాలా అని అడిగావు. పరీక్ష గట్టెక్కుతావు గానీ రెండు నెలలకే మర్చిపోతావు. ఏళ్ల తరబడి ఈ పాఠం చెప్పినవాణ్ణి కాబట్టి, ఎలా చదవాలో నాకు తోచింది రాస్తున్నాను.

1347 అక్టోబరులో నల్లసముద్రం వైపు నుంచి వచ్చిన ఇటలీ నగరం జెనోవా ఓడలు, బ్లాక్ డెత్ అని పేరుపడ్డ ప్లేగును మోసుకొచ్చి, సిసిలీ ద్వీపంలోని మెస్సీనా రేవులో ఆగాయి. గైడు అక్కడ మొదలవుతుంది. నువ్వు 1315 నుంచి మొదలుపెట్టు. ఆ ఏటి నుంచి ఎడతెరిపి లేని వానలకు ఉత్తర ఐరోపాలో పంటలు కుళ్లి పెద్ద కరువు వచ్చింది. అప్పటికే జనం పెరిగి భూమి చాలడం లేదు, కూలి చౌక. ఈ సంగతి తెలియకపోతే తర్వాత ఏం తారుమారైందో అర్థం కాదు.

ప్లేగు కొద్ది ఏళ్లలోనే ఐరోపా జనంలో కనీసం మూడో వంతును తీసుకుపోయింది. "కూలి రేట్లు పెరిగాయి" అని ఒక్క ముక్క రాసి వదిలేయకమ్మా. ఈ పాఠంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు అదే. 1351లో ఇంగ్లండ్ పార్లమెంటు ఒక చట్టం చేసింది. 1346 నాటి కూలి కంటే ఎక్కువ అడగకూడదు, ఇవ్వకూడదు. కోతల వేళ మనుషులు దొరక్కపోతే ఆసామే కూలివాడి గుమ్మం దగ్గరకు వెళ్తాడు కదా! వద్దని చట్టం చేయాల్సి వచ్చిందంటే, జనం ఎక్కువ అడుగుతున్నారు, ఆసాములు ఇస్తున్నారు. చట్టాన్ని అలా సాక్ష్యంగా చదవడం అలవాటు చేసుకో.

1381 రైతుల తిరుగుబాటును నేరుగా ప్లేగుకు ముడిపెట్టకు. మధ్యలో ముప్ఫై ఏళ్లున్నాయి. ఆ చట్టం కింద పడిన జరిమానాలు, ఫ్రాన్సుతో యుద్ధం ఖర్చు, దానికోసం నాలుగేళ్లలో మూడుసార్లు వేసిన తలపన్ను. 1377లో తలకు 4 పెన్నీలు, మూడోసారికి 12. ఎసెక్స్, కెంట్ జనం లేచింది అప్పుడు. నాయకుడు వాట్ టైలర్‌ను స్మిత్‌ఫీల్డ్‌లో చంపేశారు, పద్నాలుగేళ్ల రాజు రిచర్డ్ రైతులకు వెట్టి తీసేస్తానని తానిచ్చిన మాట వెనక్కి తీసుకున్నాడు. అయినా తర్వాతి వందేళ్లలో ఇంగ్లండ్‌లో సెర్ఫ్‌ల, అంటే ప్రభువు భూమికి కట్టుబడిన రైతుల, వెట్టి దాదాపు కరిగిపోయింది. జర్మనీలోని ఎల్బ్ నదికి తూర్పున మాత్రం తర్వాతి శతాబ్దాల్లో రైతు మెడకు ఉచ్చు ఇంకా బిగిసింది. అక్కడ ప్రభువులు బలవంతులు, పట్టణాలు బలహీనం అని చాలామంది చరిత్రకారులు చెబుతారు. మనుషుల కొరత ఒక్కటే అన్నీ చేయలేదని నీ జవాబులో కనబడాలి.

ఇంకొకటి తప్పక రాయి. యూదులే బావుల్లో విషం కలిపి ప్లేగు తెస్తున్నారన్న పుకారుతో 1349 ఫిబ్రవరిలో స్ట్రాస్‌బర్గ్‌లో వందల మంది యూదులను కాల్చి చంపారు. అప్పటికి ఆ ఊళ్లోకి ప్లేగు రానేలేదు. రోగం కంటే ముందు భయం వచ్చింది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఈ మాట చెప్పేటప్పుడు నా గొంతు పూడుకుపోతుంది.

మ్యాపు మీద మెస్సీనా నుంచి లండన్ దాకా పెన్సిలుతో గీత గీసుకో. జవాబు రాసి ఆదివారంలోగా పంపు, దిద్ది పంపిస్తాను.

పెదనాన్న