రివ్యూలో ఎవరూ నోరు విప్పట్లేదా డాక్టర్ గారూ?

పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) చేరి మూడు నెలలైనా ఏఎన్ఎమ్‌లు (సబ్‌సెంటర్ ఆరోగ్య కార్యకర్తలు), ఆశాలు (ఊళ్లో ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్తలు) రివ్యూ మీటింగ్‌లో తలూపి వెళ్లిపోతున్నారు, పని మాత్రం కదలట్లేదు అన్నారు కదా. నేను సూపర్‌వైజర్‌గా చాలా ఏళ్లు చేశానండీ, అచ్చం ఇదే చూశా. మా దగ్గర ఒక మేడమ్ టార్గెట్ షీట్ పట్టుకుని అందరి ముందూ వాయించేసేవారు, దాంతో ఏమైందంటే బీపీ ఎక్కువున్న గర్భిణీ సంగతి కూడా ఎవరూ ముందుగా చెప్పేవాళ్లు కాదు, ఎక్కడ తిట్లు పడతాయోనని. తర్వాతొచ్చిన సార్ ముందు ఆశాలని మాట్లాడమని, తను ఆఖర్న మాట్లాడేవారు, నెల తిరిగేసరికి ఫోన్లు వాటంతటవే రావడం మొదలైంది.

లెక్క ప్రకారం మైదాన ప్రాంతంలో పీహెచ్‌సీకి 30 వేల జనాభా, దాని కింద ఉండే ఒక్కో సబ్‌సెంటర్‌కి 5 వేలు, మీరొక్కరే ఎన్ని ఊళ్లు తిరుగుతారు చెప్పండి, మీ కళ్లూ చెవులూ ఈ ఏఎన్ఎమ్‌లూ ఆశాలే. ఆశాలది రెగ్యులర్ జీతం కాదు, పారితోషికం, ఆ కాగితాలు మాత్రం మీ టేబుల్ మీద ఆగనివ్వకండి, సగం కోపం అక్కడే ఉంటుంది (మనకి చిన్న సంతకమే, వాళ్లకి ఇంటి ఖర్చు).

ఇంకోటి, షుగర్ బీపీ స్క్రీనింగ్ చేసేదెవరు, ఆన్‌లైన్‌లో ఎక్కించేదెవరు అని ఏఎన్ఎమ్‌కీ ఎంఎల్‌హెచ్‌పీకీ (సబ్‌సెంటర్‌లో ఉండే మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్‌కీ) రోజూ పేచీ వస్తుంటుంది, ఇద్దర్నీ కూర్చోబెట్టి తేల్చేసి పేర్లు రాసి గోడకి అతికించండి. ఎవరినైనా మందలించాలంటే గదిలోకి పిలిచి, తలుపేసి మరీ చెప్పండి.