పంపు మార్చే ముందు ఆ చిన్న స్క్రూ ఎవరైనా తిప్పారేమో చూడండి

రోడ్డు మీద బండి బాగానే నడుస్తోంది, సిగ్నల్ దగ్గర కాలు తీయగానే ఇంజను ఆగిపోతోంది, మెకానిక్ ఫ్యూయల్ పంపు మార్చాలంటున్నాడు, మార్చమంటారా అని అడిగారు. ఇప్పుడే వద్దు. పంపు నీరసపడితే ముందుగా తెలిసేది ఎత్తు ఎక్కేటప్పుడు, లారీని దాటేటప్పుడు. పెట్రోలు ఎక్కువ కావలసింది అప్పుడే కదా.

ఇంత ఘంటాపథంగా చెబుతున్నానంటే, చేతులు కాల్చుకున్నవాణ్ని కాబట్టే. 2019 జనవరిలో విజయవాడలో ఎనిమిదేళ్ల పాత పెట్రోలు కారు కొన్నాను. చూడటానికి వెళ్లిన రోజు, ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే ముల్లు న్యూట్రల్‌లో కూడా 1,200 మీద ఉంది. ‘హుషారైన ఇంజనండీ’ అన్నాడు అమ్మినాయన. నేనూ మురిసిపోయాను. ఎండలు ముదిరి ఏసీ వేయడం మొదలుపెట్టాక ఆ హుషారు దిగిపోయింది. బెంజి సర్కిల్ దగ్గర ఆగితే చాలు, ముల్లు 500కి జారి, బండంతా ఒకసారి వణికి ఆగిపోయేది. వెనక హారన్ల మోత. ప్లగ్గులు మార్పించాను, ఫిల్టరు మార్పించాను, చివరికి పంపు కూడా. పన్నెండు వేలు పోయాయి, జబ్బు మాత్రం అలాగే ఉంది.

చివరికి ఆటోనగర్‌లో ఒక పెద్దాయన ఎయిర్ ఫిల్టరు గొట్టం ఊడదీసి, టార్చి వేసి చూసి, ‘ఈ స్క్రూ ఎవరు తిప్పారు బాబూ?’ అన్నారు. ఇంజనులోకి గాలిని వదిలే థ్రాటిల్ బాడీ అనే భాగం పక్కన ఉండే ఆ స్క్రూకి కంపెనీ వేసిన రంగు చుక్క పగిలిపోయి ఉంది, తల మీద స్క్రూడ్రైవర్ గీతలు. లోపల గాలికి తలుపులా తెరుచుకుని మూసుకునే రేకు వెనక మసి అట్లపెనం అడుగులా పేరుకుంది.

సంగతి ఏమిటంటే, మనం కాలు తీయగానే ఆ రేకు దాదాపు మూసుకుపోతుంది. అప్పుడు ఇంజను పక్కనున్న సన్న దారిలోంచి గాలి పీల్చుకుంటుంది. ఆ దారిని కంప్యూటర్ ఒక వాల్వుతో తెరుస్తూ మూస్తూ ఉంటుంది. అది మసితో పూడితే ఊపిరి అందదు. అమ్మినాయన దాన్ని శుభ్రం చేయించకుండా, స్క్రూ బిగించి రేకునే కాస్త తెరిచి ఉంచాడు. ఇక కంప్యూటర్‌కి మన కాలు ఇంకా యాక్సిలరేటర్ మీదే ఉన్నట్టు లెక్క. ఏసీ బరువు మీద పడ్డా గాలి పెంచాలని దానికి తోచదు. ఈలోగా మసి ఇంకాస్త పేరుకుంది.

పెద్దాయన వాల్వు విప్పి, క్లీనర్ స్ప్రే కొట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, కారు కంప్యూటర్ లెక్కలు చదివే స్కానర్‌లో రేకు మూసుకున్నట్టు చూపేదాకా స్క్రూ వెనక్కి తిప్పారు. బ్యాటరీ వైరు తీసి మళ్లీ పెట్టి, ఏసీ లేకుండా కాసేపు నడవనిచ్చారు. మొత్తం ఆరు వందలు.

మీరు ఇంజను బాగా వేడెక్కాక, ఏసీ ఆపి చూడండి. చిన్న పెట్రోలు కార్లలో చాలావాటికి ముల్లు 700, 900 మధ్య కుదురుగా నిలవాలి. తర్వాత ఏసీ వేయండి. అప్పుడే కూలబడితే అనుమానం మసి మీదే. బుస్‌మని గాలి శబ్దం వస్తే రబ్బరు గొట్టాలను వంచి, కింది వైపు కూడా చూడండి. పగుళ్లు అక్కడే దాక్కుంటాయి. పెట్రోలు పోయించిన వెంటనే మాత్రమే ఆగిపోతుంటే ట్యాంకు ఆవిరిని ఇంజనుకు పంపే పర్జ్ వాల్వు తెరుచుకుని ఉండిపోయిందేమో చూపించండి.

ఇది తేలేదాకా ఘాట్ రోడ్లు ఎక్కకండి. నడుస్తుండగా ఇంజను ఆగితే ఒకటి రెండు తొక్కుళ్ల తర్వాత బ్రేకు రాయిలా గట్టిపడుతుంది, పవర్ స్టీరింగు కూడా బరువెక్కుతుంది.

మీ బండిలో యాక్సిలరేటర్‌కి తీగ ఉందా, ఎలక్ట్రానిక్ రకమా రాయండి. ఎలక్ట్రానిక్ అయితే ఆ రేకును వేలితో నెట్టకండి, స్కానర్ ఉన్నవాళ్ల దగ్గరే చేయించండి.