బొచ్చె చేపలు తేలుతుంటే ముందు ఆక్సిజన్ చూడండి

నరసన్నపేట దగ్గరి మీ చెరువులో రెండు రోజులుగా తెల్లారేసరికి బొచ్చెలు, శీలావతులు నోళ్లు తెరుచుకుని తేలుతున్నాయని, కొర్రమీనులు మాత్రం బాగున్నాయని, ఎవరైనా మందు కలిపారేమోనని అడిగారు. ఇది మందు కాదు, నీళ్లలో ఆక్సిజన్ తగ్గడమే అనడానికి ఆ కొర్రమీనే మీకు సాక్ష్యం. దాని మొప్పల పైన గాలి నిలుపుకునే గది ఉంటుంది. పైకొచ్చి ఒక్క గుటక గాలి మింగి దిగిపోతుంది. బొచ్చెకు మొప్పలే దిక్కు. మందే కలిపి ఉంటే కొర్రమీను కూడా బతకడం కష్టం.

నీళ్లు చిక్కటి ఆకుపచ్చగా ఉన్నాయన్నారు కదా, అసలు సంగతి అదే. నాచు పగలు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి తనే వాడేసుకుంటుంది. అందుకే సూర్యోదయానికి ముందు మరీ తగ్గిపోతుంది, మబ్బు పట్టిన మర్నాడు ఇంకా ఘోరం. ఉదయం 4-5 గంటల మధ్య నీళ్లలో ఆక్సిజన్ చూసే కిట్‌తో కొలవండి. లీటరుకు 5 మిల్లీగ్రాములు ఉండాలి, 3 లోపైతే ప్రమాదం.

ఈ రాత్రికే ఇంజన్ పెట్టి చెరువు నీళ్లే పైకెత్తి జల్లులా కొట్టండి, ఎండ వచ్చేదాకా ఆపకండి. మేత, పేడ ఆపేయండి. చచ్చినవి తీసేయండి. నాచు మందు మాత్రం దయచేసి కొట్టకండి: నాచంతా ఒక్కసారే చచ్చి కుళ్లితే ఉన్న ఆక్సిజన్ కూడా పోతుంది. వంశధార కాలువ నీళ్లు అందితే అడుగున ఉన్న నీరు కొంత తోడి కొత్తది పెట్టండి. కొత్త నీరు వచ్చే గొట్టానికి సన్న వల కట్టండి, లేదంటే కొర్రమీను పిల్లలు దూరి మీ చేపపిల్లల్ని తినేస్తాయి.