టీపీఎన్ వల్ల పసిబిడ్డ లివర్ పాడవుతుందా? మా బాబు విషయంలో నేను చూసినది

నెలలు నిండకముందే పుట్టిన మీ పాపకు టీపీఎన్, అంటే నోటి ద్వారా కాకుండా నరం ద్వారా పూర్తి ఆహారం, ఎక్కిస్తున్నారని, ఒళ్లు పచ్చబడుతోందని, ఆ టీపీఎన్‌ను ఆపించమని డాక్టర్లను అడగవచ్చా అని మీరు అడిగారు. ఆపించవద్దు. మా బాబు 29వ వారంలో పుట్టి, పేగుకు ఇన్ఫెక్షన్ వచ్చి కొంత భాగం తీసివేయవలసి వచ్చినప్పుడు, 46 రోజుల పాటు వాడిని బతికించింది ఆ టీపీఎన్ సంచీయే.

అయితే ఆ సంచీ లివర్‌పై భారం మోపుతుందన్న మాట నిజమే, అది నాకు తెలిసింది ఒక డైపర్ వల్ల. ఆపరేషన్ తరువాత నాలుగో వారంలో ఒక రాత్రి, నైట్ డ్యూటీలో ఉన్న సిస్టర్ నన్ను లోపలికి పిలిచి, బాబు డైపర్ విప్పి లైటు కింద పెట్టి, "అమ్మా, ఈ రంగు చూడండి" అన్నారు. మలం తడిపిన సున్నంలా తెల్లగా ఉంది. లివర్‌లో తయారై మలానికి రంగునిచ్చే పైత్యరసం పేగులోకి దిగడం లేదన్నమాట. మర్నాటి రక్తపరీక్షలో మొత్తం బిలిరుబిన్ (ఒళ్లు పచ్చబడేలా చేసే పదార్థం) 7.6 ఉంటే, అందులో డైరెక్ట్ బిలిరుబినే, అంటే పైత్యరసం దిగక నిలిచిపోయినప్పుడు పెరిగే భాగమే, 5.2 ఉంది. అంతకు రెండు వారాల ముందు నుంచే వాడి పచ్చదనాన్ని నేను చూపిస్తూ వచ్చినా, "నెలలు నిండని పిల్లలకు కామెర్లు మామూలే" అన్న ఒక్క మాటతో సరిపెట్టారు, రెండు అంకెలనూ విడదీసి చెప్పినవారు లేరు. ఆ బాధ నాకు ఇప్పటికీ తగ్గలేదు. పుట్టిన వారంలో వచ్చే కామెర్లకు నీలి లైటు పనిచేస్తుంది కానీ, డైరెక్ట్ బిలిరుబిన్ పెరిగిన కామెర్లకు ఆ లైటూ, మా అత్తగారు చెప్పిన నీరెండా పనిచేయవు. ఊరి నుంచి మా బంధువులు పంపిన పసరు మందు సంగతి చెప్పనక్కరలేదు. అలాంటి బిడ్డ నోట్లో పసరు పోయడం ప్రాణం మీదికి తెస్తుంది.

నోటి ద్వారా ఏమీ పోనప్పుడు పేగు పైత్యరసాన్ని పిలవదు, అది లివర్‌లోనే నిలిచిపోతుంది. దానికి నెలలు నిండని లివర్, రక్తంలో ఇన్ఫెక్షన్, టీపీఎన్‌తో పాటు ఎక్కించే, సోయా నూనెతో చేసిన లిపిడ్ (కొవ్వు ద్రవం)లోని మొక్కల స్టెరాల్స్ అనే పదార్థాలు తోడవుతాయి. మా డాక్టరుగారు ఆ లిపిడ్‌ను కిలోకు రోజుకు 1 గ్రాముకు తగ్గించి, తరువాత చేపనూనె కలిసిన మిశ్రమానికి మార్చారు. చేపనూనె లిపిడ్‌ను బోస్టన్‌లోని పిల్లల ఆసుపత్రి వైద్యులు 2004 నుంచి ఇలాంటి పిల్లలకు వాడుతూ వచ్చారని, అమెరికా ప్రభుత్వం 2018లో అనుమతించిందని వార్డు బయట బెంచీ మీద కూర్చుని చదివాను. కానీ నా బిడ్డను నిలబెట్టింది పాల చుక్కలేనని నేను గట్టిగా నమ్ముతాను. మూడు గంటలకోసారి ట్యూబు ద్వారా 1 మిల్లీలీటరు నా పాలు, తరువాత 2, తరువాత 5. పన్నెండో రోజున డైపర్‌లో ఆవాల ముద్దలాంటి పసుపుపచ్చ రంగు కనిపించినప్పుడు ఆ సిస్టర్ నా చేయి పట్టుకున్నారు. టీపీఎన్ ఆపిన తరువాత కూడా అంకెలు నార్మల్‌కు రావడానికి మూడు నెలలకు పైగా పట్టింది.

పాలు ఎక్కువ రాకపోయినా పిండడం మానవద్దు; ఎన్‌ఐసీయూలో (పసిబిడ్డల ఐసీయూలో) బిడ్డలున్న తల్లులకు కూర్చుని పాలు పిండుకునే ఒక గదైనా ఇవ్వని ఆసుపత్రులను చూస్తే నాకు కోపం వస్తుంది.

పాప పుట్టి ఎన్ని రోజులైందో మీరు రాయలేదు. రెండు వారాలు దాటి ఉంటే రేపు ఉదయం రౌండ్స్‌లోనే డైరెక్ట్ బిలిరుబిన్ ఎంతో అడగండి, మలం తెల్లగా ఉంటే ఫోటో తీసి చూపించండి. పైత్యనాళాలు పుట్టుకతోనే మూసుకుపోయిన పిల్లలకూ మలం ఇలాగే ఉంటుంది, వారికి ఆపరేషన్ రెండు నెలల లోపు జరగడం మేలు కనుక, కారణం టీపీఎన్ అని తేల్చేముందు ఆ అనుమానం కూడా తీర్చమనండి.