ఒక్కరికి సరిపడే కూరగాయల డిప్: నీరు తేలకుండా, మిగిలిపోకుండా

ప్రశ్న: నేను ఒంటరిగా ఉంటూ ఉద్యోగం చేస్తున్నాను. సాయంత్రం ఇంటికి చేరేసరికి బాగా ఆకలేసి, చేతికందిన చిప్సో మిక్చరో తినేస్తున్నాను. వాటి బదులు పెరుగులో కూరగాయలు కలిపి డిప్‌లా చేసుకుని, కీర, క్యారెట్ ముక్కలతో తిందామని రెండు మూడుసార్లు ప్రయత్నించాను. ప్రతిసారీ పది నిమిషాల్లో నీరు తేలి మజ్జిగలా అయిపోతోంది. మిక్సీలో వేద్దామంటే నలుగురికి సరిపడేంత వేస్తే తప్ప నలగడం లేదు, మిగిలింది మర్నాటికి పుల్లబడుతోంది. ఒక్కరికి సరిపడేలా, చిక్కగా ఎలా చేసుకోవాలి?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మీరు ఎంచుకున్న పదార్థాలన్నీ మంచివే. మార్చుకోవలసింది వాటిని కలిపే వరుస ఒక్కటే. పెరుగు పచ్చడి మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నదే. అన్నంలో కలుపుకోవడానికి అది కాస్త జారుగా ఉంటేనే బాగుంటుంది, కానీ ముక్కను ముంచుకుని తినాలంటే పచ్చడి ఆ ముక్కను పట్టుకుని పైకి రావాలి. అందుకు పెరుగులోని నీటినీ, కూరగాయలోని నీటినీ కలపడానికి ముందే తీసేయాలి, ఉప్పును అన్నిటికన్నా చివర వేయాలి.

పెరుగులో 85 శాతానికి పైగా, కీరలో దాదాపు 95 శాతం నీరే ఉంటుంది. తురిమిన కీర మీద ఉప్పు పడగానే అందులోని నీరు బయటికి వస్తుంది. మీ గిన్నెలో పది నిమిషాలకే తేలుతున్నది చాలావరకు ఆ నీరే. కాబట్టి కీరను డిప్ లోపల కలపకుండా, ముంచుకునే ముక్కగానే ఉంచుకోవడం మేలు. దాని రుచి లోపల కూడా కావాలనుకుంటే, తురిమి, చిటికెడు ఉప్పు చల్లి, పది నిమిషాలు ఆగి, గుప్పిట్లో గట్టిగా పిండి వేసుకోండి. ఆ ఉప్పులో చాలాభాగం పిండిన నీటితోనే వెళ్లిపోతుంది.

పెరుగును వడగట్టడానికి పెద్ద గుడ్డా, మూట కట్టి వేలాడదీయడమూ అక్కరలేదు. ఒక్కరికైతే టీ వడగట్టుకునే జాలీ చాలు. దానిలో శుభ్రమైన పలుచటి నూలుగుడ్డ పరిచి, గ్లాసు మీద నిలబెట్టి, 150 గ్రాముల పెరుగు వేసి, పైన చిన్న మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. గుడ్డను నొక్కి పిండితే మీగడలాంటి భాగం కూడా జారిపోతుంది కనుక దాని మానాన దాన్ని కారనివ్వాలి. మూడు నాలుగు గంటల్లో సుమారు సగం బరువు తగ్గి, చెంచా తిరగేసినా జారనంత చిక్కదనం వస్తుంది. మీలాగా ఉదయం వెళ్లి సాయంత్రం వచ్చేవారు వెళ్లేముందే పెట్టుకుంటే తిరిగి వచ్చేసరికి శ్రీఖండానికి పనికొచ్చేంత గట్టిపడి ఉంటుంది. అప్పుడు గ్లాసులోకి దిగిన తేటలోంచి ఒకటి రెండు చెంచాలు తిరిగి కలుపుకుంటే సరి. మిగిలిన తేటను పారబోయకండి. అందులో కొంత మాంసకృత్తు, ఖనిజాలు ఉంటాయి. చారులోకైనా, చపాతీ పిండి తడపడానికైనా బాగుంటుంది. ఈ పనంతా ఫ్రిజ్‌లోనే జరగాలి, ఎందుకంటే ఎండాకాలంలో బయట పెట్టిన పెరుగు తేట దిగేలోపే పులిసిపోతుంది.

ఇక డిప్ లోపలికి. ఒక చిన్న క్యారెట్‌ను సన్నగా తురిమి, అర టీ చెంచా నూనెలో ఆవాలు, జీలకర్ర, నాలుగు కరివేపాకులు చిటపటలాడాక అందులో వేసి, రెండు నిమిషాలు పచ్చివాసన పోయేదాకా వేయించండి. ఆరోగ్యం కోసం చేసుకునే దానిలో నూనె ఎందుకని మీకు అనిపించవచ్చు. క్యారెట్‌లోని బీటా కెరోటిన్ కొవ్వులో కరిగే పదార్థం. కొంచెం వేగి, కొంచెం నూనె తోడైనప్పుడే మన శరీరం దాన్ని బాగా గ్రహించుకుంటుంది. అర చెంచా నూనెతో చేరేవి ఇరవై పైచిలుకు కెలోరీలే కనుక దీనికి వెనుకాడనక్కరలేదు. వేగిన తురుము పూర్తిగా చల్లారిన తర్వాతే పెరుగులో కలపాలి, వేడిగా వేస్తే పెరుగు విరిగినట్లయి మళ్లీ నీరు వదులుతుంది. చివరగా ఒక టీ చెంచా పుట్నాల పొడి, తరిగిన కొత్తిమీర, కల్వంలో నూరిన అర పచ్చిమిర్చి, అల్లం చేర్చండి. పుట్నాల పొడి అక్కడక్కడ మిగిలిన తడిని పీల్చుకుని పచ్చడిని ముద్దగా నిలబెడుతుంది, కొంచెం మాంసకృత్తునూ చేరుస్తుంది. పుట్నాలు లేకపోతే వేయించి దంచిన నువ్వుల పొడి వాడుకోవచ్చు.

ఇందులో మిక్సీ అవసరం ఎక్కడా రాలేదని గమనించే ఉంటారు. రెండు చెంచాల పదార్థాన్ని పెద్ద జారులో వేస్తే అది గోడలకు అంటుకుంటుంది గానీ బ్లేడుకు అందదు, అందాలని నీళ్లు పోస్తే మళ్లీ పలచబడుతుంది. ఒక్కరి వంటకు కల్వం, తురుముపీట, ఒక ఫోర్కు ఉంటే చాలు. వంటగదిలో ఇవి మూడూ చేతికందే చోట ఉంటే సాయంత్రం అలసి వచ్చినప్పుడు కూడా చేసుకోవాలనిపిస్తుంది, నా అనుభవంలో ఈ అలవాటు నిలబడేదీ ఆగిపోయేదీ దీన్ని బట్టే.

ముంచుకోవడానికి కీర, క్యారెట్, లేత ముల్లంగి, క్యాప్సికం వేలెడు పొడవున కోసుకోండి. బీన్సును మరిగే నీటిలో మూడు నిమిషాలు ఉంచి చన్నీళ్లలోకి తీస్తే కరకరలాడుతూ రుచిగా ఉంటాయి. కీరను ముందుగా ఒక ముక్క కొరికి చూడాలి, చేదుగా ఉంటే తినకుండా పారేయడమే క్షేమం. ముక్కలన్నీ కలిపి 150 గ్రాములు ఉండేలా చూసుకుంటే ఈ గిన్నె మొత్తం 150–170 కెలోరీల లోపు వస్తుందని నా లెక్క. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ రోజుకు 400 గ్రాముల కూరగాయలు తినమని సూచిస్తోంది. డిప్‌లోని క్యారెట్‌ను కూడా కలుపుకుంటే, అందులో దాదాపు సగం మీకు ఈ ఒక్క చిరుతిండిలోనే సమకూరుతుంది.

ప్రశ్న: నా వయసు 67. రక్తపోటుకు మందు వాడుతున్నాను. ఉప్పు తగ్గించమన్నారు. పెరుగు పచ్చడి ఇష్టమే గానీ ఉప్పు లేకపోతే చప్పగా ఉండి ముద్ద దిగదు. ఉపాయం ఉందా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఉందండీ. ఉప్పును పచ్చడిలో కలపడం మానేసి, తినబోయే ముందు పైన చల్లుకోండి. లోపల కరిగిపోయిన ఉప్పు పెరుగంతటా పలచబడిపోతుంది. పైన ఉన్న ఉప్పు మాత్రం ముక్కతోపాటు నేరుగా నాలుకను తాకుతుంది కనుక రెండు వేళ్లతో పట్టినంత చిటికెడే సరిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు రోజుకు 5 గ్రాములలోపు, అంటే ఒక టీ చెంచా కన్నా తక్కువ ఉప్పు చాలంటుంది. మనం ఊరగాయలోనూ, అప్పడంలోనూ, కూరలోనూ తినేదంతా ఆ లెక్కలోదే. అందుచేత డిప్ తిన్న పూట ఊరగాయ జోలికి వెళ్లకుండా ఉంటే మీకు మరింత మేలు.

చప్పదనం పోవడానికి పులుపూ ఘాటూ ఉప్పుకు అండగా నిలుస్తాయి. అర చెక్క నిమ్మరసం, దోరగా వేయించి దంచిన జీలకర్ర, ఒక చిన్న వెల్లుల్లి రెబ్బ, పుదీనా ఆకులు వేసి చూడండి. వడగట్టిన పెరుగుకు సహజంగానే కొంత కమ్మని పులుపు ఉంటుంది కాబట్టి నిమ్మరసం రుచి చూస్తూ వేసుకోవాలి. ఉప్పుకు బదులుగా దుకాణాల్లో అమ్మే పొటాషియం ఉప్పును మాత్రం మీ వైద్యుని అడగకుండా వాడవద్దు. మూత్రపిండాల సమస్య ఉన్నవారికీ, కొన్ని రకాల రక్తపోటు మందులు వాడుతున్నవారికీ దానివల్ల ఒంట్లో పొటాషియం ప్రమాదకరంగా పెరగవచ్చు.

ప్రశ్న: మా అబ్బాయికి పదకొండేళ్లు. మయొనైజ్ లేనిదే కూరగాయ ముక్క ముట్టడు. గుడ్డు లేని మయొనైజ్ అయితే పరవాలేదా?
– ఒక తల్లి, వరంగల్

జవాబు: పచ్చి గుడ్లతో చేసిన మయొనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30 నుంచి ఏడాదిపాటు నిషేధించిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. పచ్చి గుడ్డులో సాల్మొనెల్లా సూక్ష్మజీవి ఉండే అవకాశం ఉంది, వేడి తగలని పదార్థంలో అది చావదు. గుడ్డు లేనిదానిలో ఆ భయం లేకపోయినా, అదీ ప్రధానంగా నూనెతో చేసినదే. మామూలు మయొనైజ్ ఒక పెద్ద చెంచాడులో 90 నుంచి 100 కెలోరీల దాకా ఉంటాయి, పిల్లలు ఒక్క చెంచాతో ఆగరు.

ఒక్కసారిగా మాన్పించాలని చూడకండి, కూరగాయల మీదే విముఖత పెరుగుతుంది. మూడు చెంచాల వడగట్టిన పెరుగులో ఒక చెంచా గుడ్డు లేని మయొనైజ్ కలిపి మొదలుపెట్టి, వారం వారం దాన్ని తగ్గిస్తూ రండి. ఉడికించిన చిన్న బీట్‌రూట్ ముక్కను మెత్తగా మెదిపి కలిపితే గులాబీ రంగు వస్తుంది, తీపి కూడా తోడవుతుంది. తురమడమో కలపడమో అబ్బాయి చేతికే అప్పగించి చూడండి. తాను చేసినదాన్ని పిల్లలు సాధారణంగా వదిలిపెట్టరు.

ప్రశ్న: నాకు పెరుగు సరిపడదు. పెరుగు లేకుండా ఇలాంటిది ఒక్కరికి చేసుకోవచ్చా? ఆఫీసుకు తీసుకువెళ్లవచ్చా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: కాల్చిన వంకాయ ఉండగా పెరుగు లేదని దిగులు పడనక్కరలేదు. 150 గ్రాములుండే ఒక గుండ్రటి వంకాయను తీసుకుని, పురుగు లేదని చూడడానికి నిలువుగా ఒక గాటు పెట్టి, నూనె చేత్తో రాసి, సన్నటి మంట మీద అన్ని వైపులా తిప్పుతూ తోలు నల్లబడి లోపల మెత్తబడేదాకా కాల్చండి. ఐదు నిమిషాలు మూతపెట్టి ఉంచితే తోలు సులువుగా ఊడివస్తుంది. ఆ గుజ్జును జాలీలో కాసేపు ఉంచి నీరు దిగాక ఫోర్కుతో మెదిపి, రెండు టీ చెంచాల వేయించిన నువ్వుల పొడి, నిమ్మరసం, దంచిన వెల్లుల్లి, పచ్చిమిర్చి కలపండి. పశ్చిమాసియా దేశాలవారు నువ్వుల ముద్దతో చేసుకునే బాబా గనూష్‌కూ మన కాల్చిన వంకాయ పచ్చడికీ ఎంత దగ్గరి పోలిక ఉందో తింటే మీకే తెలుస్తుంది. నువ్వులు పడనివారు వాటి బదులు పుట్నాల పొడి వేసుకోవాలి. జొన్నరొట్టెను పెనం మీద కరకరలాడేలా కాల్చి తుంచుకుంటే దీనికి కూరగాయ ముక్కలకన్నా బాగా నప్పుతుంది.

ఆఫీసుకు తీసుకువెళ్లవచ్చు గానీ అక్కడ ఫ్రిజ్ ఉండాలి. ఇలాంటి తడి పదార్థం బయట రెండు గంటలకు మించి ఉండకూడదు, ఎండ 32 డిగ్రీలు దాటిన రోజుల్లో గంటకు మించి ఉంచకూడదు. ప్రయాణం అంతకన్నా ఎక్కువైతే, రాత్రి గడ్డకట్టించిన చిన్న నీళ్ల సీసాను డబ్బా పక్కన సంచిలో పెట్టుకోండి. ముక్కలను వేరే డబ్బాలో తడి లేకుండా తుడిచి పెట్టుకుని, నిమ్మరసం, ఉప్పు మాత్రం తినేముందే వేసుకోండి.